గడ్డకట్టిన నేలలో గూటం

ఉచ్చు అనగానే అందరికీ జంతువు కాలు చిక్కే భాగమే గుర్తొస్తుంది. అడవిని ఎరిగిన వాళ్లకు మాత్రం ఉచ్చులో సగం పని దాని కట్టులో ఉంటుందని తెలుసు. ఉచ్చును నేలకో, చెట్టుకో, దుంగకో బిగించి పట్టి ఉంచే భాగం కట్టు. అది సడలితే జంతువు ఉచ్చుతో సహా పోతుంది. వేటగాడికి మాంసం దక్కదు, తోలు దక్కదు, ఉచ్చూ దక్కదు. జంతువు ఎక్కడో పొదల్లో రోజుల తరబడి బాధపడి, ఎవరికీ పనికిరాకుండా చస్తుంది. జంతువు తనంతట తాను వేటగాడికి దొరుకుతుందని, దాన్ని వృథా చేస్తే మళ్లీ దొరకదని నమ్మే క్రీ జాతి వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఈ వ్యాసంలో మనం ఆ కట్టు చరిత్రను చూద్దాం. కెనడా ఉత్తర అడవుల్లో క్రీ, డెనె, ఒజిబ్వే, ఇన్ను వంటి ఆదివాసీ జాతులున్నాయి. నేల రాయిలా గడ్డకట్టే దేశంలో వాళ్లు ఉచ్చును ఎలా నిలబెట్టారు, ఆ ఉచ్చు మీద ఎవరు వ్యాపారం చేశారు, ఆ విద్య పిల్లలకు అందకుండా ఎలా పోయింది, దాన్ని తిరిగి ఎలా నిలబెట్టుకుంటున్నారు అన్నదే ఇందులోని విషయం. మన పాఠ్యపుస్తకాల్లో అమెరికా ఖండాల చరిత్ర కొలంబసుతో మొదలవుతుంది. అక్కడి అడవి బిడ్డల పనితనానికి అందులో చోటు తక్కువ.

ముందే ఒక మాట చెప్పాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చులు పెట్టి వేటాడడం నేరం. ఇది వేట నేర్పే వ్యాసం కాదు. ఒక విద్య ఎలా పుట్టి, ఎలా నలిగి, ఎలా నిలిచిందో తెలుసుకోవడానికి రాస్తున్నది.

ఇక్కడి గట్టి నేల, అక్కడి గట్టి నేల

మన దగ్గర నేల గట్టిపడేది ఎండకు. మే నెలలో ఎర్రమట్టి చెలకలో పశువుకు గుంజ పాతాలంటే గడ్డపార ఖంగుమని ఎగిరిపడుతుంది. అప్పుడు మనవాళ్లు చేసే పని తెలిసిందే. చిన్న గాతం తీసి, చెంబెడు నీళ్లు పోసి, మట్టి నానాక గుంజ దించుతారు. నీళ్లు మన నేలను మెత్తబరుస్తాయి.

కెనడా ఉత్తర అడవుల్లో దీనికి తలకిందులు. అక్కడ నేలను రాయిగా మార్చేది నీళ్లే. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 30, 40 డిగ్రీల కిందికి దిగిపోతుంది. మట్టి రేణువుల మధ్య ఉన్న తడి మంచుగడ్డై రేణువులన్నిటినీ అతికించేస్తుంది. తడి ఎక్కువగా ఉన్న బంకమట్టి సిమెంటు గచ్చులా మారుతుంది. పొడి ఇసుకనేల అంతగా బిగుసుకోదు. మనలో లంబసింగి, చింతపల్లి వైపు వాళ్లు డిసెంబరు, జనవరి తెల్లవారుజామున గడ్డి మీద పేరుకునే తెల్లటి మంచును చూసి ఉంటారు. పొద్దెక్కేసరికి అది కరిగిపోతుంది. అక్కడ ఆ చలి నెలల తరబడి నేలలోకి దిగుతూనే ఉంటుంది. మీటరు లోతు దాకా గడ్డకట్టే చోట్లు ఉన్నాయి. ఇంకా ఉత్తరానికి పోతే ఏడాది పొడవునా కరగని నేల ఉంది. ఎండాకాలంలో దాని పై పొర మాత్రమే మెత్తబడుతుంది.

నేలంతా ఒకే తీరుగా గడ్డకట్టదు. మంచు మందంగా పరుచుకున్న చోట ఆ మంచే దుప్పటిలా పనిచేసి కింది నేలను కొంత కాపాడుతుంది. గాలి మంచును ఊడ్చుకుపోయిన గుట్టమీద చలి నేరుగా లోపలికి దిగుతుంది. స్ప్రూస్ అనే సూదిమొన ఆకుల చెట్ల కింద ఎండు ఆకులు, నాచు దట్టంగా పడి ఉంటాయి. వాన నేరుగా పడని ఆ చోట మట్టి పొడిగా ఉంటుంది కాబట్టి ఆలస్యంగా బిగుస్తుంది. ఎక్కడ గూటం దిగుతుందో, ఎక్కడ దిగదో చెప్పాలంటే ఆ నేలను ఏడాదంతా నడిచి ఉండాలి. ఒక కుటుంబం తరతరాలుగా ఒకే అడవి ముక్కలో తిరిగితేనే ఈ తెలివి కుదురుతుంది.

కట్టు వేసే తీర్లు

గట్టి నేలతో పోరాడకుండా దాన్ని తప్పించుకోవడం, లేదా ఆ గట్టిదనాన్నే పనికి పెట్టుకోవడం ఈ విద్యలోని కిటుకు. దీనికి కొన్ని దారులున్నాయి.

మొదటిది, నేల గడ్డకట్టక ముందే గూటం దించి పెట్టడం. ఆకులు రాలే రోజుల్లో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో, ఉచ్చు పెట్టదలచిన చోట పొడవాటి గూటాన్ని చలి దిగే లోతుకన్నా కిందికి కొట్టి ఉంచుతారు. ఒక్క గూటం సరిపోదనుకుంటే రెండింటిని ఏటవాలుగా, ఒకదాన్ని ఒకటి దాటేలా దించుతారు. తర్వాత నేల బిగుసుకున్నాక ఆ నేలే గూటాన్ని పట్టుకుంటుంది. ఎద్దు లాగినా ఊడదు. అప్పుడు వేటగాడికే దాన్ని పీకడం కష్టం. పక్కల నుంచి కొట్టి, తిప్పి, మంచు పట్టు విడిపించాలి. మంచు కరిగే వసంతం దాకా వదిలేయడమూ ఉంది.

రెండోది, గూటమే వద్దనుకోవడం. ఉచ్చు గొలుసును బతికున్న చెట్టు మొదలుకో, పడిపోయిన మానుకో చుట్టేస్తారు. చెట్టు లేని చోట ఒక బరువైన దుంగకు కడతారు. మన దగ్గర దూకుడు పశువు మెడకు గుదిబండ కట్టినట్టే ఇదీ. జంతువు దుంగను ఈడ్చుకుంటూ కొంత దూరం పోయి పొదల్లో చిక్కుకుంటుంది. మంచు మీద ఈడ్చిన జాడ చూసుకుంటూ వేటగాడు వెళ్తాడు. ఎలుగుబంటి వంటి బలమైన జంతువుకు ఈ పద్ధతే మేలు. ఉచ్చు కదలకుండా బిగిస్తే ఆ జంతువు తన బలమంతా ఒకేచోట పెట్టి గొలుసునో, తన కాలినో తెంపుకుంటుంది. దుంగ కదులుతుంది కాబట్టి ఆ బలం వృథా అవుతుంది.

మూడోది, వంచిన చెట్టు. సన్నని చెట్టును వంచి కొసను ఒక కొక్కేనికి తగిలిస్తారు. జంతువు చిక్కగానే కొక్కెం వదిలి చెట్టు పైకి లేస్తుంది. మన తాతల ఉచ్చుల్లోనూ ఈ ఎత్తుగడ ఉంది. ప్రపంచంలో అడవి జాతులు ఒకరినొకరు చూడకుండానే కనిపెట్టుకున్న వాటిలో ఇదొకటి. దీనికి గట్టి చలిలో ఒక లోపముంది. వంగి ఉన్న పచ్చి కర్ర అలాగే గడ్డకట్టుకుపోయి పైకి లేవదు.

నాలుగోది అన్నిటికంటే ఆశ్చర్యకరమైనది. అది నీళ్లలో వేసే కట్టు. చలికాలంలో చెరువులు, వాగుల మీద మంచు అర మీటరు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ మందం పేరుకుంటుంది. కింద నీళ్లలో బీవర్ తిరుగుతూ ఉంటుంది. బీవర్ ఎలుక, ఉడుతల జాతికి చెందిన పెద్ద జంతువు. పళ్లతో చెట్లు కొరికి పడగొట్టి, వాగులకు అడ్డుకట్టలు కట్టి, ఆ నీళ్లలో కర్రలతో, మట్టితో ఇల్లు కట్టుకుంటుంది. వేటగాడు మంచును గడ్డపారలాంటి పనిముట్టుతో తొలిచి, ఆ కంతలోంచి ఒక పొడవాటి కర్రను అడుగు బురదలోకి దించుతాడు. ఉచ్చు ఆ కర్రకే ఉంటుంది. రాత్రికి కంత మళ్లీ గడ్డకట్టి కర్ర పై కొసను బిగించేస్తుంది. కింద బురద, పైన మంచు, రెండూ పట్టుకుంటాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కట్టుకు వాడే కర్ర ఎండినదై ఉండాలి, ఎరగా పెట్టే పాప్లర్ కొమ్మ పచ్చిదై ఉండాలి. పచ్చి కర్రను కట్టుగా వాడితే బీవర్ దాన్నే కొరికి తినేసి ఉచ్చు తీసుకుపోతుంది.

గూటం ఒక్కటే కాకుండా ఉచ్చు కూడా మంచుకు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే శరదృతువులోనే పొడి మట్టి, ఎండు నాచు సంచుల్లో పోగేసుకుంటారు. ఉచ్చు కిందా పైనా అదే వేస్తారు. ఈ రోజుల్లో ఇనుప చువ్వ గూటాలు, ఉక్కు తీగ చివర చిన్న ఇనుప ముక్క ఉన్న కట్లు వచ్చాయి. ఆ ముక్కను నేలలోకి కొట్టి తీగను లాగితే లోపల అడ్డం తిరిగి పట్టేస్తుంది. గడ్డకట్టిన పై పొరలో ముందు గట్టి చువ్వతో దారి చేసి తర్వాత దీన్ని దించుతారు. సామాను మారింది. ముందే సిద్ధపడాలి, పొడి నేల వెతకాలి అన్న పాత సూత్రాలు మారలేదు.

ఇనుము రాక ముందు

ఐరోపా వాళ్లు రాక ముందు ఈ జాతులకు ఇనుప ఉచ్చు లేదు. వాళ్ల ఉచ్చుల్లో ముఖ్యమైనది జంతువు మీద బరువైన దుంగ పడేలా అమర్చేది. ఎర కదిలితే ఆసరా కర్ర జారి దుంగ పడుతుంది, జంతువు వెంటనే చస్తుంది. దీనికి గూటం అక్కర్లేదు. దుంగ బరువే దాని కట్టు. నేల గడ్డకట్టినా, కట్టకపోయినా పనిచేస్తుంది. మార్టెన్ అనే ముంగిసంత జంతువు నుంచి ఎలుగుబంటి దాకా దుంగ బరువు మార్చి వాడేవాళ్లు. బీవర్లను పట్టడానికి మంచు తొలిచి, అవి ఇంట్లోంచి బయటికి తప్పించుకునే దారులు కనిపెట్టి, అక్కడ వలలు పెట్టేవాళ్లు. మంచు మీద కర్రతో కొట్టి, ఆ చప్పుడును బట్టి కింద బీవర్ దారి ఎక్కడుందో చెప్పగలిగేవాళ్లు.

ఇదంతా శ్రమతో కూడిన పని. ఆ శ్రమ వల్లే వేటకు హద్దు ఉండేది. ఒక కుటుంబం ఒక చలికాలంలో పట్టగలిగినన్నే పట్టేది.

కంపెనీ, అప్పు, ఇనుప ఉచ్చు

1670 మే 2న ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ ఒక కాగితం మీద సంతకం చేశాడు. హడ్సన్ అఖాతంలోకి నీళ్లు పారే ప్రాంతమంతటి మీద వ్యాపార హక్కును హడ్సన్స్ బే కంపెనీకి రాసిచ్చాడు. ఆ ప్రాంతానికి రూపర్ట్స్ ల్యాండ్ అని పేరు పెట్టారు. ఇప్పటి కెనడాలో అది మూడో వంతుకు పైనే ఉంటుంది. ఆ నేల మీద బతుకుతున్న జాతులను ఎవరూ అడగలేదు. మన దేశంలో ఈస్టిండియా కంపెనీ చరిత్ర చదివిన వాళ్లకు ఈ తీరు కొత్త కాదు.

కంపెనీకి కావాల్సింది బీవర్ బొచ్చు. ఐరోపాలో పెద్దమనుషులు పెట్టుకునే టోపీలు ఆ బొచ్చుతో చేసేవాళ్లు. ఐరోపాలోని బీవర్లను అప్పటికే దాదాపు తుడిచిపెట్టేశారు. అన్నిటికంటే ఎక్కువ ధర పలికినది ఆదివాసీలు ఒకటి రెండు చలికాలాలు ఒంటి మీద కప్పుకున్న పాత తోలు. ఒంటి రాపిడికి, చెమటకు పైనున్న గరుకు వెంట్రుకలు రాలిపోయి టోపీకి కావాల్సిన మెత్తటి బొచ్చు మిగిలేది. వాళ్ల ఒంటి వెచ్చదనం కూడా వ్యాపార సరుకైందన్నమాట.

కంపెనీ కొట్లలో డబ్బు లేదు. ఒక మంచి బీవర్ తోలే నాణెం. తుపాకీకి ఇన్ని తోళ్లు, కంబళికి ఇన్ని, గడ్డపార మొనకు ఇన్ని అని లెక్క. శరదృతువులో వేటగాడికి మందుగుండు, బట్ట, సామాను అప్పుగా ఇచ్చేవాళ్లు. వసంతంలో తోళ్లు తెచ్చి తీర్చాలి. తీరనిది పై ఏటికి. మన ఏజెన్సీలో షావుకారు విత్తనాల కాలంలో అప్పిచ్చి, చింతపండు కాలంలో పంట, సరుకు తూచుకుపోయిన పద్ధతికీ దీనికీ పెద్ద తేడా లేదు.

18వ శతాబ్దం చివర ఇనుప ఉచ్చు, దానితో పాటు బీవర్ గ్రంథుల వాసనను ఎరగా వాడే పద్ధతి వ్యాపించాయి. ఎంతో శ్రమతో దొరికే జంతువు ఇప్పుడు తేలిగ్గా దొరకసాగింది. ఆ కాలంలోనే ఉత్తర అడవుల్ని కొలిచి పటాలు గీసిన డేవిడ్ థాంప్సన్, ఈ కొత్త పద్ధతితో బీవర్లు ఎంత వేగంగా అంతరించాయో రాశాడు.

1820ల్లో కంపెనీ పెద్ద జార్జ్ సింప్సన్ చేసిన రెండు పనులను పక్కపక్కన పెట్టి చూడాలి. తన గుత్తాధిపత్యం గట్టిగా ఉన్న ప్రాంతాల్లో బీవర్లు తగ్గిపోతున్నాయని ఇనుప ఉచ్చుల వాడకాన్ని అరికట్టాడు. అమెరికా వ్యాపారులు పోటీకి వస్తున్న స్నేక్ నది ప్రాంతంలో మాత్రం ఒక్క బీవర్ కూడా మిగలకుండా పట్టేయమని మనుషులను పంపాడు. బీవర్లు లేకపోతే అమెరికన్లు అటు రారని లెక్క. అడవిని కాపాడడం, అడవిని ఎడారి చేయడం రెండూ ఒకే లాభనష్టాల పుస్తకంలోంచి వచ్చాయి. ఆ నదీతీరాల జాతుల బతుకు ఆ పుస్తకంలో ఏ వరుసలోనూ లేదు.

ఇనుప ఉచ్చుల తయారీలో పేరుపడ్డవాడు సూయెల్ న్యూహౌస్. న్యూయార్క్ రాష్ట్రంలో ఒనైడా అనే చోట ఉండేవాడు. ఒనైడా అన్నది అక్కడి ఆదివాసీ జాతి పేరు. ఆ జాతి నేలలో అత్యధిక భాగం అప్పటికే చేతులు మారిపోయింది. ఆ నేల మీద తయారైన ఉచ్చులు హడ్సన్స్ బే కంపెనీ కొట్లకు చేరి, మరో జాతి అప్పు ఖాతాలో పడ్డాయి. 1865లో న్యూహౌస్ పేరుతో వేటగాళ్ల చేతిపుస్తకం ఒకటి అచ్చయింది. గుదిబండ దుంగ, వంచిన చెట్టు, నీళ్లలో కర్ర మీద జారే కట్టు వంటివన్నీ అందులో ఉన్నాయి. అడవి జాతుల్లో నోటిమాటగా, చేతిపనిగా సాగిన విద్య అలా ఒక కంపెనీ సరుకు అమ్మే పుస్తకంలోకి ఎక్కింది. పుస్తకంలో ఉన్నది పుస్తకం రాసినవాడి తెలివిగానే లోకానికి కనిపిస్తుంది. మన మందుమొక్కల విషయంలోనూ జరుగుతున్నది ఇదే.

నేల మీద గూటం, కాగితం మీద గీత

1870లో రూపర్ట్స్ ల్యాండ్ కెనడా ప్రభుత్వం చేతికి పోయింది. కంపెనీకి 3,00,000 పౌండ్లు ముట్టాయి. సారవంతమైన భూమిలో ఇరవయ్యో వంతు కూడా దానికే మిగిలింది. ఈసారి కూడా ఆ నేల జాతులను అడగలేదు.

తర్వాత వరుసగా ఒప్పందాలు జరిగాయి. 1899 నాటి 8వ ఒప్పందంలో వేట, ఉచ్చులు, చేపలు ఎప్పటిలాగే సాగించుకోవచ్చని మాటిచ్చారు. ఆ వాక్యంలోనే ప్రభుత్వం పెట్టే నిబంధనలకు లోబడి అన్న షరతు ఉంది. స్థిరనివాసాలకు, గనులకు, కలపకు తీసుకున్న భూములను మినహాయించడమూ ఉంది. పెద్దలు విన్నది మాట. ప్రభుత్వం దాచుకున్నది కాగితం. మన దగ్గర 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడుకూ, వేటకూ, కలపకూ ఒక్కొక్కటిగా అడ్డు గీతలు పడ్డ చరిత్ర 1922–24 మన్యం తిరుగుబాటు దాకా మనకు తెలుసు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బొచ్చు ధరలు బాగా పెరిగాయి. బయటి వేటగాళ్లు ఉత్తరానికి ఎగబడ్డారు. వాళ్లకు రేపటి అడవితో పని లేదు. కొందరు విషం కూడా పెట్టారు. దీన్ని అదుపు చేయడానికి 1920ల మధ్యలో బ్రిటిష్ కొలంబియాలోనూ, తర్వాతి ఇరవై ఏళ్లలో ఇతర రాష్ట్రాల్లోనూ ఉచ్చుల దారులను నమోదు చేసే పద్ధతి వచ్చింది. ఒక్కొక్కరికి పటం మీద ఒక్కో ముక్క. బయటివాళ్ల నుంచి కొంత రక్షణ దొరికింది, నిజమే. కాగితం సంగతి ముందుగా తెలిసిన బయటివాళ్లు ఆదివాసీల పాత దారులను తమ పేర రాయించుకోవడమూ జరిగింది. కుటుంబమంతా కలిసి, ఏడాదికో భాగం బీడుపెట్టి తిరిగే నేల, ఒక మనిషి పేరు మీది లైసెన్సుగా మారింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కోసం తిరిగిన మన కుటుంబాలకు, సామూహిక హక్కుకూ వ్యక్తి పట్టాకూ మధ్య ఉన్న తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

జేమ్స్ అఖాతం పక్క రూపర్ట్ హౌస్ ప్రాంతంలో 1920ల చివరికి బీవర్లు దాదాపు లేకుండాపోయాయి. క్రీ కుటుంబాలు ఆకలితో అలమటించాయి. అక్కడి కంపెనీ ఉద్యోగి జేమ్స్ వాట్, అతని భార్య మోడ్ వాట్ పూనుకుని 1930ల మొదట్లో క్విబెక్ ప్రభుత్వం చేత బీవర్ రక్షిత ప్రాంతం ఏర్పాటు చేయించారు. కొన్నేళ్లపాటు బీవర్లను ముట్టుకోలేదు. అవి మళ్లీ పెరిగాయి. ఈ కథలో వాట్ దంపతుల పేర్లు నిలిచాయి. ఆకలితో ఉండి కూడా బీవర్ ఇంటి మీద చెయ్యి వేయకుండా ఆగింది క్రీలు. ఏ వాగులో ఎన్ని బీవర్ ఇళ్లున్నాయో లెక్కపెట్టి చెప్పిందీ ఆయా నేలల క్రీ పెద్దలే. ఆ లెక్క పని వల్ల ఒక్కో కుటుంబ వేటనేల పెద్దకు ఇంగ్లీషులో టాలీమ్యాన్ అనే పేరొచ్చింది. నేలను బీడుపెట్టి, జంతువులను తిరిగి పెరగనివ్వడం వాళ్ల పాత ధర్మమే.

జంతువు పడే బాధ గురించి కూడా అక్కడ పెద్ద చర్చ నడిచింది. వాయవ్య ప్రాంతంలో ఉచ్చుల వేటతో బతికిన ఫ్రాంక్ కోనిబేర్ కాలు పట్టకుండా వెంటనే చంపే ఉచ్చు కోసం ఏళ్ల తరబడి కష్టపడ్డాడు. 1950ల చివర్లో అది బజారులోకి వచ్చింది. 1991లో ఐరోపా సమాజం కాలు పట్టే ఉచ్చులను నిషేధించి, వాటిని వాడే దేశాల నుంచి బొచ్చు దిగుమతిని ఆపేందుకు పూనుకుంది. 1997లో ఉచ్చుల ప్రమాణాల మీద కెనడా, రష్యాలతో ఒప్పందం కుదిరింది. బీవర్ టోపీ కోసం 200 ఏళ్లు తోళ్లు కొన్నదీ ఐరోపా నగరాలే, దయ గురించి నియమం రాసిందీ ఆ నగరాలే. దయ అవసరమే. ఆ నియమం రాసేటప్పుడు అడవిలో బతికేవాళ్లు కూడా బల్ల దగ్గర ఉండాలి.

సెప్టెంబరులో ఖాళీ అయిన ఊళ్లు

కట్టు విద్యకు తగిలిన పెద్ద దెబ్బ కంపెనీ నుంచి రాలేదు. బడి నుంచి వచ్చింది. ఉపాధ్యాయులుగా మనం ఆగి చదవాల్సిన భాగం ఇది.

1880ల నుంచి కెనడా ప్రభుత్వం, క్రైస్తవ సంఘాలు కలిసి ఆదివాసీ పిల్లలకు ఆవాస పాఠశాలలు నడిపాయి. 1920లో చట్టం మార్చి హాజరును తప్పనిసరి చేశారు. మొత్తం మీద దాదాపు 1,50,000 మంది పిల్లలు ఆ బడులకు వెళ్లారు. సొంత భాష మాట్లాడితే శిక్షించారు, జుట్టు కత్తిరించారు, వేల మంది పిల్లలు అక్కడే చనిపోయారు. చివరి బడులు 1990ల్లో మూతబడ్డాయి. 2008లో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. 2015లో సత్య, సయోధ్యల కమిషన్ తన నివేదికలో దీన్ని సాంస్కృతిక జాతిహననం అని తేల్చింది.

ఇప్పుడు క్యాలెండరు చూడండి. పిల్లలను బడికి తీసుకుపోయేది ఆగస్టు చివర, సెప్టెంబరులో. నేల గడ్డకట్టక ముందు గూటాలు దించేది, పొడి మట్టి పోగేసేది, చలికాలపు అడవికి కుటుంబం కదిలేది అదే సెప్టెంబరు, అక్టోబరుల్లో. పిల్లలు తిరిగొచ్చేది జూన్‌లో. అప్పటికి మంచు కరిగిపోయి ఉంటుంది, ఉచ్చులు ఇంటికి వచ్చేసి ఉంటాయి. పదేళ్లు అలా గడిచిన పిల్లవాడు మంచు మీద కర్రతో కొట్టి చప్పుడు వినడం ఒక్కసారి కూడా చూడడు. 1945 నుంచి ఇచ్చిన కుటుంబ భృతికి కూడా పిల్లల బడి హాజరును ముడిపెట్టారు. భృతి కోసం, పిల్లల కోసం తల్లులు ఊళ్లో ఆగిపోయారు. మగవాళ్లు ఒంటరిగా అడవికి వెళ్లారు. కుటుంబమంతా కలిసి చేసే పని ఒక్కరి పనైంది. తోలు తీసి ఆరబెట్టడం, పొడి నాచు ఏరడం, ఉచ్చుల దారి చూసిరావడం తల్లీపిల్లల చేతుల్లోంచి జారిపోయాయి.

బడి సెలవు, అడవి కాలం

1971లో క్విబెక్ ప్రభుత్వం జేమ్స్ అఖాతం నదుల మీద భారీ జలవిద్యుత్ పథకం ప్రకటించింది. క్రీల వేటనేలలు మునుగుతాయని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. క్రీలు, ఇన్యూట్లు కోర్టుకెక్కారు. వేటగాళ్లు సాక్ష్యం చెప్పారు. ఏ జంతువు ఎక్కడ తిరుగుతుందో, ఏ కుటుంబం ఎక్కడ వేటాడుతుందో వివరించారు. 1973 నవంబరులో న్యాయమూర్తి ఆల్బర్ట్ మలూఫ్ పనులు ఆపమన్నాడు. వారం తిరక్కముందే పై కోర్టు ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది. అయినా ఆ తీర్పు ప్రభుత్వాన్ని చర్చలకు కూర్చోబెట్టింది. 1975 నవంబరు 11న ఒప్పందం కుదిరింది. నదులు మాత్రం ఆగలేదు. చాలా నేల మునిగింది. ఆ నష్టాన్ని తక్కువ చేసి చెప్పకూడదు.

ఆ ఒప్పందంలో రెండు విషయాలు మనకు పనికొస్తాయి. ఒకటి, ఏడాదిలో ఎక్కువ రోజులు అడవిలో గడిపే వేట కుటుంబాలకు ఆదాయ భద్రత పథకం. అడవిలో ఉండడాన్ని ఒక వృత్తిగా గుర్తించినట్టయింది. రెండోది, క్రీల సొంత పాఠశాలల బోర్డు. దాని చేతికి వచ్చాక బడి క్యాలెండరు మారింది. వసంతంలో అడవిబాతులు వచ్చే కాలానికి బాతుల సెలవు, శరదృతువులో మూస్ అనే పెద్ద దుప్పి వేటకు మూస్ సెలవు ఇస్తున్నారు. ఆ రోజుల్లో పిల్లలు తాతలతో, అమ్మమ్మలతో అడవిలో ఉంటారు. క్రీ భాష బడిలోకి వచ్చింది. బడి మానకుండానే అడవి నేర్చుకునే వీలు దొరికింది.

రాజు కాగితంతో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ 355 ఏళ్ల తర్వాత, 2025లో తన దుకాణాలన్నీ మూసేసింది. క్రీలు జేమ్స్ అఖాతం చుట్టూ ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల వేటనేలలకు టాలీమ్యాన్లూ ఉన్నారు.

మన బడుల మాట

కెనడా ఆవాస పాఠశాలలనూ మన ఆశ్రమ పాఠశాలలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. మన ఆశ్రమ పాఠశాలల్లో చదువుకునే మనలో చాలామంది ఈ పుస్తకం చదవగలుగుతున్నాం, రాయగలుగుతున్నాం. అన్నం, చదువు, ఉద్యోగం అక్కడి నుంచే వచ్చాయి. అయితే క్యాలెండరు ప్రశ్న మాత్రం ఇక్కడా ఉంది. ఇప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల తెల్లవారుజామున. అప్పుడు మన పిల్లలు పరీక్షల్లో ఉంటారు. విత్తనాల పండుగ, కొత్తల పండుగ ఏ ఊళ్లో ఏ రోజు వస్తాయో బడి సెలవుల జాబితాకు తెలియదు. ఏ దుంపను ఎప్పుడు తవ్వాలో, తల భాగం ఎందుకు తిరిగి మట్టిలో పెట్టాలో చెప్పే అవ్వ ఊళ్లో ఉంది, వినాల్సిన పిల్ల హాస్టల్లో ఉంది.

మనకు మంచి ఉదాహరణలు లేకపోలేదు. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో బహుభాషా విద్య ప్రారంభమైంది. ఏజెన్సీ బడుల్లో స్థానిక గిరిజనులే ఉపాధ్యాయులుగా ఉండాలన్న 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. పిల్లవాడి భాష, పిల్లవాడి అడవి తెలిసిన గురువు ఎందుకు కావాలో ఈ వ్యాసంలోని చరిత్రే చెబుతుంది. ఆ మాటను మనం వాదించి నిలబెట్టుకోవాల్సి ఉంది.

సర్కారు ఉత్తర్వు వచ్చేదాకా ఆగకుండా మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి బడిలో పిల్లల చేత ఊరి పన్నెండు నెలల పట్టిక రాయించవచ్చు. ఏ నెలలో ఏ పువ్వు, ఏ దుంప, ఏ పండుగ, ఏ పని, ఏ మాట అన్నది కోయలోనో, గోండిలోనో, కువిలోనో, సవరలోనో రాసి పక్కన తెలుగు రాయాలి. ఆ పట్టికను విద్యా కమిటీ ముందు పెట్టి స్థానిక సెలవులను దాన్ని బట్టి అడగాలి. ఊరి పెద్దను ఏడాదికి నాలుగు సార్లైనా బడికి పిలిచి పాఠం చెప్పించాలి. ఆయన వేట కథ చెబితే చట్టం సంగతి మనం చెబుదాం. ఆ కథలోని నేల, నీరు, గాలి, జంతువుల తెలివిని సైన్సు పాఠానికి జోడిద్దాం. తడి మట్టి ఎందుకు గట్టిగా గడ్డకడుతుంది, పొడి మట్టి ఎందుకు గట్టిపడదు అన్నది ఎనిమిదో తరగతి పిల్లలకు చక్కని ప్రశ్న.

యువతకు ఒక మాట. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు సెల్‌ఫోనులో మీ అవ్వాతాతల గొంతు రికార్డు చేయండి. వాళ్లు చెప్పే పనిముట్ల పేర్లు, మట్టి రకాల పేర్లు ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. ఉత్తర అడవుల వేటగాడు గూటాన్ని అక్టోబరులోనే దించుతాడు. జనవరిలో సుత్తి ఎంత పెద్దదైనా అది దిగదు. మన పెద్దలు మన మధ్య ఉన్న ఈ కొన్నేళ్లే మనకు అక్టోబరు.